ఎర్రచుక్క

మాది ఉప్పుగూడ. పాతబస్తీల రైలుపట్టాల పక్కన మాదిగ బస్తీ. మా నాయిన బోనాల నెలల డప్పు కొట్టేటోడు, మిగతా నెలలు కాంక్రీటు మోసేటోడు. అమ్మ ఇండ్లల్ల ఊడ్చేది, తుడిచేది. నేను ఐటీఐల ఫిట్టర్ చదివిన. నలబై ఏండ్లకు దగ్గర పడ్డది, పైపులు వంచుడు, బిగించుడు, అవి కారుతున్నయా లేదా చూసుడు, ఇదే నా పని. ఇట్లాంటి పుస్తకంల పైపుల సంగతేందని మీరు అనుకోవచ్చు. నాకు తెలిసిన సంగతి అదొక్కటే. దాంట్లోనే నా కులం కూడా ఉన్నది. అందుకే రాస్తున్న.

మా బస్తీ నించి కంచన్‌బాగ్ నడిచిపోయే దూరం. చిన్నప్పుడు అటు దిక్కు పొడుగాటి గోడలే కనపడేవి. గోడల మీద ముండ్లతీగె. అక్కడక్కడ తుపాకి పట్టుకున్న జవాన్లు. గోడ అవతల ఏం చేస్తరో బస్తీల ఎవలకు తెల్వదు. "మిసైళ్లు చేస్తరంట" అని ఒకలు, "బాంబులు" అని ఒకలు. అటు దిక్కు గోడలు కట్టిన కూలోళ్లల్ల మా నాయిన కూడా ఉండె. గోడ పూర్తయినంక కట్టినోడు బయటనే ఉంటడు గద.

ఆ గోడల కథ నేను పెద్దయినంక చదువుకున్న. రక్షణ శాఖకు క్షిపణులు తయారుచేసే ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1961లో ఢిల్లీలో మొదలై, మరుసటి ఏడు హైదరాబాదుకు వచ్చింది. దాని ఇరుగుపొరుగున లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్. 1970లో క్షిపణులు ఉత్పత్తి చేసే బీడీఎల్ పెట్టారు. 1973లో ప్రత్యేక లోహాలు పోతపోసే మిధాని వచ్చింది. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వంలో క్షిపణుల కార్యక్రమం మొదలైంది. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరినయి. అగ్ని ఎగిరిన దినం మా గల్లీ చాయ్ హోటల్ల రేడియో పెద్దగ పెట్టిన్రు. హోటలాయన అందరికీ చాయ్ పోసిండు. మా నాయినకు కూడా పోసిండు, కాకుంటే బయట అరుగు మీద. అది అలవాటు. అగ్ని ఎగిరినా అలవాటు ఎగరలేదు.

ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, 2025 ఏప్రిల్ నెలాఖర్ల మా చెల్లె కొడుకు పేపరు పట్టుకొని వచ్చిండు. ఇంజనీరింగు చదువుతున్నడు. ఏప్రిల్ 25న హైదరాబాదులో డీఆర్‌డీఎల్ వాళ్లు స్క్రామ్‌జెట్ అనే ఇంజన్ దహనగదిని నేల మీద బిగించి వెయ్యి సెకండ్ల కంటె ఎక్కువసేపు మండించారని వార్త. కొత్తగా కట్టిన పరీక్షాకేంద్రంలో చేసిన్రట.

"మామా, వెయ్యి సెకండ్లంటే పదిహేడు నిమిషాలు కూడా గాదు. మనింట్ల స్టౌ గంటలు గంటలు మండుతది. దీనికి మొదటి పేజీల వార్తనా?" అని నవ్విండు.

వాని నవ్వుల తప్పు లేదు. కాలేజీల వానికి సూత్రాలు చెప్తరు, సూపెట్టరు. కూసోరా అన్న. అటకెక్కి మా అమ్మ పాత పంపు స్టౌ దించిన. ఇత్తడిది. మొత్తం కిలుము పట్టింది.

ఈ స్టౌ తెలిసినోళ్లకు ఆ ఇంజన్ సగం తెలిసినట్టే. రేషన్ కిరోసిన్ తెచ్చి, ట్యాంకు నింపి, గాలి కొట్టాలె. కిరోసిన్ సక్కగ వచ్చి మండదు. ముందుగాల బర్నర్ చుట్టున్న సన్నటి గొట్టంల తిరగాలె. ఆ గొట్టం మంట మీదనే ఉంటది. గొట్టం వేడికి కిరోసిన్ ఆవిరయి, సూది మొనంత రంధ్రం నించి బుస్సున లేచి అప్పుడు మండుతది. చూసేటోళ్లకు మంట ఒక్కటే కనపడతది. నిజానికి అక్కడ రెండు పనులు అయితున్నయి. కిరోసిన్ గొట్టం వేడిని గుంజుకుంటున్నది, అట్ల గుంజుకొనే తాను మండేదానికి తయారైతున్నది. స్క్రామ్‌జెట్ల కూడా ఇదే ఉపాయం. ఇంధనాన్ని దహనగది గోడల లోపలున్న సన్నటి కాలువల్లో ముందు తిప్పుతరు. అది గోడను సల్లబరుస్తది. బాగా వేడెక్కినప్పుడు దాని పెద్ద అణువులు తెగి చిన్నయి అయితయి. తెగేటప్పుడు మరింత వేడి మింగుతయి. ఆ చిన్న అణువులే తొందరగా అంటుకుంటయి. అట్లాంటి ఇంధనం మన దేశంలోనే తయారుచేసిన్రు. దానికి తోడు లోపలి గోడకు పింగాణి జాతి పూత. అది ఉక్కు కరిగే వేడిని మించి ఓర్చుకుంటదని చెప్పిన్రు.

మా అమ్మ స్టౌకు ఇంకో బాధ ఉండేది. గొట్టంల మసి పేరుకొని రంధ్రం మూసుకపోయేది. పొట్లంల స్టౌ పిన్నులు అమ్మేటోళ్లు, రేకు ముక్కకు సన్న తీగె. దాంతోటి పొడిస్తెనే మళ్ల మంట. వేడెక్కిన ఇంధనం కాలువల్ల మసిగట్టే బాధ ఆ పెద్ద ఇంజన్లకు కూడా ఉంటది. అక్కడ పిన్ను పెట్టి పొడిచేటందుకు మనిషి ఉండడు.

"సరే మామా, మరి కష్టమేంది?" అన్నడు.

కష్టం గాలితోటి. ధ్వని కంటె ఆరు రెట్ల వేగం అంటే సెకండుకు ఇంచుమించు రెండు కిలోమీటర్లు. మా బస్తీ నించి చార్మినార్ పోయేటందుకు రెండు సెకండ్లు కూడా పట్టదు. అంత వేగంల వచ్చే గాలిని మామూలు ర్యామ్‌జెట్ల లెక్క లోపల ఆపి నెమ్మది చేస్తే, ఇంధనం పోయకముందే ఆ గాలి పదిహేనువందల డిగ్రీల దాకా కాగిపోతది. ఇగ మంట పెట్టి లాభం తక్కువ. అందుకని స్క్రామ్‌జెట్ల గాలిని కొంచెమే నెమ్మది చేసి, లోపల కూడా ధ్వని కంటె వేగంగనే పోనిస్తరు. అంటే ఇంజన్ లోపల గాలి ఉండేది సెకండుల వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. అంతల్నే ఇంధనం చిమ్మాలె, కలవాలె, అంటుకోవాలె, కాలాలె. మనం ఒక్కసారి కన్ను మూసి తెరిచేలోపల లోపలి గాలి వందసార్లు మారిపోతది. ఆ తుఫాన్ల దీపం ఆరిపోకుండ నిలబెట్టుడు అన్నిటికంటె పెద్ద కష్టం. గోడల్ల చిన్న చిన్న గూళ్లు చేసి, మంటకు తలదాచుకునే జాగ ఇస్తరు. మా బస్తీల దీపంగూడు గోడల ఎందుకుంటదో గట్లనే.

అందుకే ఈ ఇంజన్ల చరిత్ర సెకండ్ల చరిత్ర. అమెరికా వాళ్ల ఎక్స్-43 2004లో ధ్వనికి తొమ్మిదిన్నర రెట్లు దాటింది. ఇంజన్ మండింది పది సెకండ్లు. 2016 ఆగస్టు 28న ఇస్రో వాళ్లు శ్రీహరికోట నించి ఎగరేసి అయిదు సెకండ్లు మండించిన్రు. హైదరాబాదుల తయారైన హెచ్‌ఎస్‌టీడీవీ మొదటిసారి 2019 జూన్ 12న ఎగిరింది. 2020 సెప్టెంబర్ 7న ఒడిశా తీరం నించి మళ్ల ఎగిరినప్పుడు ముప్పై కిలోమీటర్ల ఎత్తుల ఇరవై సెకండ్ల కంటె ఎక్కువ మండింది. 2025 జనవరిల నేల మీద నూట ఇరవై సెకండ్లు. ఏప్రిల్ల వెయ్యి. ఇరవై సెకండ్లకు, వెయ్యికి నడుమ తేడా లెక్కది మాత్రమే గాదు. పెనం పొయ్యి మీద పెట్టంగనే ముట్టుకుంటే కాలదు. లోహం మందంగ ఉంటే కొన్ని సెకండ్లు వేడిని తనలోనే దాచుకుంటది. ఆ బలుపు దిగినంక అసలు పరీక్ష. సల్లబరిచే ఏర్పాటు నిజంగ పనిచేస్తున్నదా లేదా అప్పుడు తెలుస్తది.

ఇగ నేల మీద పరీక్ష ఎట్ల చేస్తరంటే, ఇంజన్ కదలదు, గాలే దాని మీదికి వస్తది. పెద్ద పెద్ద సీసాల్ల గాలిని వందలరెట్ల ఒత్తిడితోటి నింపిపెడతరు. వాల్వు తెరిస్తే అది హీటర్లకు వస్తది. హీటర్ల ఏదన్న ఇంధనం మండించి గాలిని కాస్తరు. మండితే గాలిల ఆక్సిజన్ తగ్గుతది గద, తగ్గినంత విడిగ కలుపుతరు. తర్వాత నాజిల్ నించి ధ్వనిని దాటించి, సక్కగ దహనగదిలకు పంపుతరు. గొట్టానికి గొట్టం కలిపి చేసే పరీక్ష ఇది. ఇంజన్ ముందరి మూతిని దీంట్ల పరీక్షించలేరు. పూర్తి ఇంజన్‌ను గాలివాటుల పెట్టాలంటే ఇంకా పెద్ద సొరంగం కావాలె. 2020 డిసెంబర్ 19న హైదరాబాదులో ప్రారంభించిన హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ నోరు మీటరు వెడల్పు, ధ్వనికి అయిదు నించి పన్నెండు రెట్ల వేగం దాకా గాలి పంపుతది.

వానికి ఇదంతా చెప్పుకుంట ఒక మాట కాడ ఆగిన. కాచిన గాలిల ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటే ఉంటది, ఆకాశంల ఉన్నంతే. కాగితం మీద రెండూ సమానం. కాని కాచిన గాలిల నీటి ఆవిరి ఉంటది, పొగ ఉంటది. మంట అంటుకునే తీరు మారుతది. పరీక్ష చేసేటోళ్లు ఆ తేడాను లెక్కగట్టి తీసెయ్యాలె. లేకుంటే నేల మీద పాసైంది మీద ఫెయిలైతది, నేల మీద ఫెయిలైంది మీద నిలబడేదై ఉండొచ్చు.

మంచి ఇంజనీరు ఆ తేడాను మొదలే ఒప్పుకుంటడు. మా మార్కుల సంగతి వచ్చినప్పుడు అదే ఇంజనీరు ఆక్సిజన్ ఇరవై ఒక శాతం ఉన్నది గద అంటడు.

నా సంగతి చెప్త. 1990, మండల్ రోజులు. రిజర్వేషన్లు వద్దని కాలేజీ పిలగాండ్లు రోడ్ల మీద బూట్లు పాలిష్ చేసి, చీపుర్లు పట్టి ఊడ్చి నిరసన తెలిపిన కాలం. మా అమ్మ రోజూ చేసే పని వాళ్లకు నిరసన అయింది. పేపర్ల ఆ ఫోటో చూసి అమ్మ అడిగింది, "వీళ్లు గంత సదువుకొని ఊడుస్తున్నరు, ఇగ మాకు కూలెవలిస్తరు బిడ్డా?" అని. ఆమె ఎకసెక్కంగ అనలేదు. నిజంగనే భయపడ్డది.

ఆ మరుసటి ఏడు నేను ఒక కాంట్రాక్టరు కింద పనిల చేరిన. కంపెనీ పేరు రాయను. అధిక ఒత్తిడి గాలి పైపులైన్లు వేసే పని, ఒక టెస్ట్ రిగ్గు కోసం. ఏ ఇంజనో, ఏ వాల్వో, అది మాకు చెప్పరు. మేం ఆరుగురు ఫిట్టర్లం. ట్యూబులు వంచాలె, ఫెర్రుళ్లు బిగించాలె, నీళ్లతోటి పరీక్ష చెయ్యాలె. నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్ల ఒత్తిడి ఎక్కించి, కొంతసేపు పట్టి, గేజు ముల్లు దిగుతున్నదా చూడాలె. నీళ్లతోటి ఎందుకంటే నీళ్లు నొక్కితే నలగవు. జాయింటు ఊడినా సర్రున చిమ్మి ఆగిపోతది. అదే గాలయితే లోపల దాచుకున్న బలమంతా ఒక్కసారి విడుస్తది, మనిషిని సంపుతది.

ప్రతి జాయింటుకు రిజిస్టర్ల ఒక నెంబరు, బిగించినోని పేరు, పరీక్ష చేసినోని సంతకం. కొన్ని నెంబర్ల పక్కన ఎర్రచుక్క ఉండేది. ఎర్రచుక్కున్నయి రెండోసారి పరీక్ష చెయ్యాలె. నేను మొదట ఏదో రూలనుకున్న. ముఖ్యమైన జాయింట్లు గావొచ్చనుకున్న. రెండు నెలల తర్వాత ఒకనాడు తీరిగ్గ రిజిస్టరు తిరగేస్తే తెలిసింది. ఎర్రచుక్కలన్నీ నా జాయింట్లే. ఒక్కటి తప్పలేదు. మిగతా అయిదుగురియి ఒక్కటి కూడా లేదు.

ఫోర్‌మన్‌ను అడిగిన.

"కోటా పిలగానివి గద, జాగ్రత్త కోసమని" అన్నడు.

"సార్, కాంట్రాక్టు పనికి కోటా లేదు. నేనూ వాళ్లూ ఒక్కతీర్గనే చేరినం."

"మిషన్ పనిల కులం ఎందుకు తెస్తవ్?" అన్నడు.

ఆ మాట ఇప్పటికీ అరగలేదు నాకు.

నిజం చెప్పాలంటే, రెండుసార్ల పరీక్షకు నాకు అభ్యంతరం లేదు. మా అమ్మ స్టౌ ముట్టించే ముందు ప్రతిసారి చెవి పెట్టి వినేది. ట్యాంకు అతుకు మీద సబ్బు నురగ రాసి బుడగలొస్తయా చూసేది. ఒకసారి చూసి వదిలేస్తే ఇల్లు కాలుతదని ఆమెకు తెలుసు. పరీక్ష మంచిదే. కాని నలుగురి జాయింట్లు ఒక్కసారి, నాయి రెండుసార్లు అంటే, పరీక్ష జాయింటుకు గాదు.

ఇంకో నెలకు లైను పూర్తయింది. మొదటిసారి గాలి ఎక్కిస్తున్న దినం. నీళ్ల పరీక్ష అయిపోయినంక తక్కువ ఒత్తిడి గాలితోటి మెల్లగ చూసుకుంట పోతరు. సగం కాడ సన్నగ ఈల వినబడ్డది. అందరు సబ్బునీళ్ల డబ్బాలు పట్టుకొని ఉరికిన్రు. ఎక్కడికనుకున్నరు? రిజిస్టరు తెరిచి ఎర్రచుక్కలున్న జాయింట్ల కాడికి. ఒక్కొక్కటే నురగ రాసిన్రు. ఇరవై నిమిషాలు రాసిన్రు. ఒక్క బుడగ లేదు. ఈల మాత్రం ఆగలేదు. నేను నిలబడ్డకాడ కండ్లు మూసుకొని విన్న. స్టౌ కాడ కూసున్న మా అమ్మ లెక్క. ఈల నా ఎడమ దిక్కు మూల నించి వస్తున్నది. పోయి సబ్బునీళ్లు పోసిన. నురగ బుసబుస పొంగింది. ఎర్రచుక్క లేని జాయింటు. రిజిస్టర్ల సంతకం ఉన్నది, పరీక్ష జరగలేదు. బిగించినోడు ఫోర్‌మన్ సుట్టపోడు.

ఎవలు ఎవల్నీ తిట్టలేదు. "బిగించెయ్" అన్నరు నన్ను. ఒత్తిడి దించి, విప్పి చూస్తే ఫెర్రులు ఒరిగి ఉన్నది. కొత్తది వేసి బిగించిన. రిజిస్టర్ల పాత పేరే ఉండిపోయింది.

ఆ రాత్రి నాకు డ్యూటీ. ఎర్రసిరా పెన్ను టేబుల్ మీదనే ఉండె. రిజిస్టరు ముందరేసుకొని, ఒకటో నెంబరు నించి ఆఖరు దాకా ప్రతి జాయింటు పక్కన ఒక ఎర్రచుక్క పెట్టిన. చెయ్యి వణకలేదు. తెల్లారి పెద్ద సారు వచ్చి చూసి, రిజిస్టరుల ఏముంటే అది చెయ్యాలె గద, అన్నీ రెండోసారి పరీక్ష చెయ్యమన్నడు. ఇంకో రెండు జాయింట్లు కారినయి. అవి నాయి గావు.

నెల తిరగకముందే నా కాంట్రాక్టు అయిపోయిందన్నరు. మిగతా అయిదుగురిది అయిపోలేదు.

తర్వాత ఈదీబజార్ దిక్కు ఒక లేత్ షెడ్డుల చేరిన. షెడ్డు చాచా ముసలాయన, నా కథంతా విని, "సబ్ కో చుక్క లగాదియా క్యా? శభాష్" అని పడీపడీ నవ్విండు. ఆయన నా కులం అడగలేదు, నేను వాళ్ల ఇంట్ల తిన్నప్పుడు గిలాస విడిగ పెట్టలేదు. పాతబస్తీ అంటే కొట్లాటలే తెలిసినోళ్లకు ఇదొకటి చెప్పాలె. 1994లో దండోరా మొదలైనప్పుడు పేరు చివర మాదిగ అని రాసుకునుడు మొదలుపెట్టిన. షెడ్డు బోర్డు మీద కూడా రాస్తనంటే చాచా రంగు డబ్బా తెచ్చిచ్చిండు.

ఈ ఇంజన్ల మీద నాకు రెండు మనసులున్నయి. ఇది ఆయుధంల పెట్టే ఇంజన్. మా గల్లీల మోరీ పొంగితే పట్టించుకునే దిక్కు లేని ఊర్లనే సెకండుకు రెండు కిలోమీటర్లు పోయే దాన్ని చేస్తున్నరు. సభల్ల ఈ మాట నేనే అన్న, చప్పట్లు కూడా కొట్టిన్రు. కాని వెయ్యి సెకండ్లు మంట నిలబడ్డదని చదివినప్పుడు ఛాతీ పొంగిన మాట కూడా నిజం. ఆ లైన్ల ఎన్ని జాయింట్లుంటయో నాకు తెలుసు. ఒక్కటి కారినా అది నిలబడదు. బిగించిన చేతులు ఎవలియో పేపర్ల రాదు. అందుల మా చేతులు కూడా ఉంటయి, అనుమానం లేదు.

చెల్లె కొడుకు అంతా విని ఏం మాట్లాడలేదు. కొద్దిసేపయినంక, "మా కాలేజీల కూడా వైవాల నన్ను ఒక్కన్నే రెండుసార్లు పిలిచిన్రు మామా" అన్నడు.

"ఎన్ని మార్కులొచ్చినయి?"

"రెండుసార్లూ పాసే."

ఆ ఏడు ఆషాఢంల లాల్‌దర్వాజ బోనాలకు నాయిన డప్పు బయటికి తీసిన. నాయిన పోయి ఏండ్లయింది. చింతగింజల బంకతోటి ఆయన అతికించిన తోలు ఇంకా గట్టిగనే ఉన్నది. వరిగడ్డి మంట వేసి డప్పు కాస్తుంటే వాడు ఫోన్ల గడియారం పెట్టుకొని పక్కన కూసున్నడు. తోలు బిగుసుకున్నదా అని వేలితోటి కొట్టి చూసిన. ఇంకా లేదు. మళ్ల మంట మీద తిప్పిన. రెండోసారి కొట్టి చూసిన. కంగుమన్నది. సిర్ర, సిటికెనపుల్ల అందుకున్న.

మబ్బు పట్టి ఉండె. సన్నగ సినుకులు పడుతున్నయి. తొమ్మిది నిమిషాలకే తోలు మెత్తబడి శబ్దం దిగింది.

"మామా, వెయ్యి సెకండ్లు రాలే" అన్నడు ఫోన్ చూసుకుంట.

"గడ్డి అందుకో" అన్న.